కథ లేని నాలుగు నిమిషాల నగర చిత్రాన్ని ఎలా చూడాలి? వరంగల్ మీద అలాంటిది తీయగలమా?

హనుమకొండలో డిగ్రీ చదువుతున్న ఒకరు అడిగిన ప్రశ్న ఇది. ప్రమోద్ పతి గారు 1970లో తీసిన ‘ట్రిప్’ అనే నాలుగు నిమిషాల చిత్రాన్ని వారు చూశారు. అది బొంబాయి నగరంలోని రోజువారీ జీవితం మీద తీసిన ప్రయోగమని వారికి తెలుసు. అయితే అందులో కథ లేదని, ఎవరినీ పాత్రగా పట్టుకోలేకపోయామని, మనుషులు నడవకుండా గెంతుతున్నట్టు కనిపించారని, స్నేహితులకు చూపిస్తే వాళ్లు నవ్వేశారని రాశారు. ఇలాంటి చిత్రాన్ని ఎలా అర్థం చేసుకోవాలి, ఫోనుతో మన వరంగల్ మీద ఇలాంటిది తీయడం సాధ్యమేనా అన్నది వారి సందేహం.

ముందుగా సూటిగా చెబుతాను. తీయవచ్చు. ఫోను, కదలని స్టాండు, ఐదారు గంటల ఓపిక ఉంటే చాలు. ఇక చూడటం విషయానికి వస్తే, తెర మీద ఏం జరుగుతోందని వెతకడం మానేసి, ఎవరు ఎంతసేపు నిలిచి ఉన్నారో గమనించండి. ఈ రకం చిత్రంలో చెప్పదలచుకున్నదంతా ఒక ఫ్రేముకూ, అంటే సినిమాలోని ఒక్కొక్క నిలకడ ఫొటోకూ, తరువాతి ఫ్రేముకూ మధ్య వదిలేసిన కాలంలో ఉంటుంది. ఎంత కాలాన్ని వదిలేశారన్నదాన్ని బట్టి కొందరు మాయమవుతారు, కొందరు మిగులుతారు. మిగిలినవారు ఎవరో చూస్తే ఆ దర్శకుడు నగరాన్ని ఎలా అర్థం చేసుకున్నాడో తెలుస్తుంది.

నేను ఇరవై ఏడేళ్లుగా హనుమకొండలో ఫొటో, వీడియో పని చేస్తున్నాను. పెళ్లిళ్లు, చీర కట్టించే వేడుకలు, రిటైర్మెంటు సభలు నాకు బతుకుతెరువు. తీరిక దొరికినప్పుడల్లా మన నగరం మీద ఇటువంటి చిన్న చిత్రాలు తీస్తూ వచ్చాను. ఇప్పటికి నాలుగు పూర్తయ్యాయి. ఇక్కడ రాస్తున్నదంతా ఆ పనిలో తెలుసుకున్నదే.

ఆ చిత్రం ఎక్కడి నుంచి వచ్చిందో తెలిస్తే చూసే పద్ధతి కొంత మారుతుంది. ప్రమోద్ పతి గారు 1932లో ఒడిశాలో పుట్టారు. చెకోస్లొవాకియాలో బొమ్మల చిత్రాలకు పేరుపొందిన యిర్జీ త్రన్కా దగ్గర శిక్షణ పొందారు. తిరిగి వచ్చి కేంద్ర ప్రభుత్వ సంస్థ అయిన ఫిల్మ్స్ డివిజన్‌లో పనిచేశారు. 1948లో ఏర్పడిన ఆ సంస్థ పని దేశమంతటికీ వార్తా చిత్రాలు, ప్రచార చిత్రాలు, డాక్యుమెంటరీలు తయారుచేయడం. సినిమా మొదలయ్యే ముందు హాళ్లలో వేసిన ‘న్యూస్ రీలు’ మా తరం వాళ్లకు బాగా గుర్తు. దాన్ని తయారుచేసిన సంస్థలోనే కూర్చుని, కుటుంబ నియంత్రణ ప్రచార చిత్రాలు తీస్తూనే, పతి గారు 1968లో ‘ఎక్స్‌ప్లోరర్’ను, 1970లో ‘ట్రిప్’ను తీశారు. 1975లో, ఇంకా ఎంతో పని చేయవలసిన వయసులో చనిపోయారు. ఆ సంస్థ కూడా 2022లో జాతీయ చలనచిత్ర అభివృద్ధి సంస్థలో విలీనమైపోయింది. ప్రభుత్వ డబ్బుతో, ప్రభుత్వ కెమెరాతో, ఏ పథకాన్నీ ప్రచారం చేయకుండా ఒక నగరపు తొందరను మాత్రమే తెర మీద పెట్టడానికి ఆయనకు అవకాశం దొరికిందన్న సంగతి నాకు ఇప్పటికీ ఆశ్చర్యంగానే ఉంటుంది.

బొమ్మల చిత్రాల శిక్షణను గురించి ఊరికే ప్రస్తావించలేదు. ఆ చిత్రంలో వాడిన పద్ధతిని పిక్సిలేషన్ అంటారు. బొమ్మను కొద్దిగా జరిపి ఒక ఫొటో, మళ్లీ కొద్దిగా జరిపి ఇంకొక ఫొటో తీసి, వాటిని వరుసగా ఆడిస్తే బొమ్మ కదులుతున్నట్టు కనిపిస్తుంది కదా. బొమ్మ స్థానంలో మనిషిని నిలబెట్టి అదే పని చేస్తే అది పిక్సిలేషన్. మనిషి నిలబడతాడు, ఫొటో తీస్తారు. ఒక అడుగు ముందుకు వేసి మళ్లీ అదే భంగిమలో నిలబడతాడు, మళ్లీ ఫొటో తీస్తారు. తెర మీద చూస్తే ఆ మనిషి కాళ్లు కదపకుండా రోడ్డు మీద జారిపోతుంటాడు. కెనడాకు చెందిన నార్మన్ మెక్‌లారెన్ 1952లో ‘నెయిబర్స్’ చిత్రంతో ఈ పద్ధతికి ప్రపంచమంతటా పేరు తెచ్చారు.

దీన్ని టైమ్ లాప్స్‌తో కలిపేయకండి. టైమ్ లాప్స్‌లో కెమెరాను ఒకచోట బిగించి, ఇన్ని సెకన్లకు ఒక ఫొటో అని లెక్క పెట్టి వదిలేస్తాం. ఎదుటివారికి మనం తీస్తున్నట్టు తెలియనవసరం లేదు. పిక్సిలేషన్‌లో మనిషి మనతో కలిసి పనిచేయాలి, మనం చెప్పినట్టు ఆగాలి, కదలాలి. వీధిలో పని చేసేటప్పుడు ఈ రెండింటినీ కలిపి వాడుకోవచ్చు. చుట్టూ జనం తమ దారిన తాము పోతుంటే, మధ్యలో మన మనిషి ఒక్కడు ఫ్రేముకొక అడుగు వేస్తూ వెళతాడు. మీకు చెప్పే సలహా మాత్రం ఇదే: మొదట టైమ్ లాప్స్‌తో మొదలుపెట్టండి. పిక్సిలేషన్‌కు మనిషి శరీరం మీద చాలా అదుపు కావాలి. అరగంట దాటితే ఎంత ఉత్సాహంగా వచ్చిన స్నేహితుడికైనా నడుము పట్టేస్తుంది.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. దీనికి చిన్న లెక్క అవసరం. సినిమాలో ఒక సెకనుకు 24 ఫ్రేములు. నాలుగు నిమిషాల చిత్రానికి 5,760 ఫ్రేములు కావాలి. మీరు వరంగల్ చౌరస్తాలో ఒక మేడ మీద ఫోను బిగించి, నాలుగు సెకన్లకు ఒక ఫొటో చొప్పున తీస్తున్నారని అనుకోండి. పదిహేను మీటర్ల వెడల్పున్న రోడ్డును మామూలు నడకతో దాటే మనిషికి పన్నెండు సెకన్లు పడుతుంది. అంటే అతను మీ చిత్రంలో మూడు ఫ్రేముల్లో ఉంటాడు, తెర మీద సెకనులో ఎనిమిదో వంతు మాత్రమే కనిపిస్తాడు. చూసేవాడి కన్నుకు అతని ముఖం అందదు. అదే రోడ్డు పక్కన పూలు అమ్మే అమ్మ ఐదు గంటలు కూర్చుంటే 4,500 ఫ్రేముల్లో ఉంటుంది, తెర మీద మూడు నిమిషాలకు పైగా నిలిచి ఉంటుంది. కారులో వెళ్లిన పెద్దమనిషి ఒక గీతగా మిగులుతాడు, అరటిపళ్ల బండి అతను ముఖంతో సహా మిగులుతాడు. మామూలు సినిమాలో ఈ పూలమ్మే అమ్మ, ఈ బండి అతను వెనకాల కనబడే జనం. ఇక్కడ మాత్రం వాళ్లే తెరను నింపుతారు.

ఈ సంగతి నాకు మొదట పుస్తకం చదివి తెలియలేదు, కూలీల అడ్డా మీద తెలిసింది. మన నగరంలోని ఒక అడ్డా ఎదురుగా ఉన్న రెండంతస్తుల మేడ మీద, ఆ ఇంటివారి అనుమతితో, ఒక నవంబరు పొద్దున ఐదుమ్ముప్పావుకు కెమెరా పెట్టాను. ఐదు సెకన్లకు ఒక ఫొటో, పదింబావు దాకా. మొత్తం 3,240 ఫొటోలు, అంటే రెండు నిమిషాల పదిహేను సెకన్ల చిత్రం. నేను అనుకున్నది వేరు. పొద్దున చీకట్లో మనుషులు గుమిగూడటం, మేస్త్రీలు వచ్చి బేరమాడి తీసుకుపోవడం, చోటు ఖాళీ అయిపోవడం, వేగంగా చూపిస్తే చెట్టు మీద వాలి లేచిపోయే పిట్టల్లా ఉంటుందని అనుకున్నాను.

ఇంటికి వచ్చి కంప్యూటర్‌లో ఆడించి చూస్తే మొదటి నిమిషం నేను అనుకున్నట్టే ఉంది. జనం ఉప్పొంగి, చెదిరి, మళ్లీ చేరారు. తాపీలు, గమేళాలు, సద్ది గిన్నెల సంచులు చేతులు మారుతున్నట్టు కనిపించాయి. నిమిషంన్నర దగ్గర చోటు పలచబడింది. అప్పుడు, అప్పటిదాకా గుంపులో కలిసిపోయి కనబడని ఏడుగురు మనుషులు కదలకుండా తేలారు. చుట్టూ అంతా మసకగా పరుగెత్తుతుంటే వాళ్లు మాత్రం స్పష్టంగా ఉన్నారు. ఒకాయన విద్యుత్ స్తంభానికి ఆనుకుని ఉన్నారు. ఇద్దరు ఆడవాళ్లు అరుగు మీద కూర్చున్నారు. ఆ రోజు ఎవరూ పనికి పిలవనివాళ్లు వాళ్లు. పిలుపు రానందువల్లనే అంతసేపు నిలబడ్డారు, అంతసేపు నిలబడ్డందువల్లనే నా చిత్రంలో కనిపించారు. పొద్దున మేడ మీద ఉండి నాలుగున్నర గంటలు చూసిన నేను వాళ్లను గమనించలేదు. ఆ రాత్రి చాలాసేపు ఆ ముప్పై సెకన్లనే తిప్పి తిప్పి చూశాను.

అందుకే ఫ్రేముల మధ్య విరామాన్ని సాంకేతిక అంకెగా తీసుకోకండి. ఎవరు కనబడాలో నిర్ణయించేది అదే. సెకనుకొక ఫొటో తీస్తే నడిచేవాళ్లు మిగులుతారు. ఐదు సెకన్లకు తీస్తే ఎదురుచూసేవాళ్లు మిగులుతారు. నిమిషానికొకటి తీస్తే మనుషులు దాదాపు పోయి నీడలు, దుకాణాల షట్టర్లు, దీపాలు మిగులుతాయి. తీయబోయే చోటికి ముందురోజు ఖాళీ చేతులతో వెళ్లి, ఒక గంట కూర్చుని, అక్కడ ఎవరు ఎంతసేపు ఉంటున్నారో కాగితం మీద రాసుకున్న తరువాతే అంకె నిర్ణయించుకోండి.

స్నేహితులు ఎందుకు నవ్వారన్నదానికి కూడా కారణం ఉంది. తక్కువ ఫ్రేములతో తీసిన కదలికను మామూలు వేగంతో ఆడిస్తే మనుషులు కీ ఇచ్చిన బొమ్మల్లా కనిపిస్తారు. పాత మూకీ హాస్య చిత్రాలు చూసి చూసి, అలాంటి నడక కనిపించగానే నవ్వాలని మన కళ్లకు అలవాటైపోయింది. ఆ గెంతుడు పతి గారికి కావాలి. నగరంలో మనిషి తన ఇష్టంతో నడుస్తున్నాడా, ఎవరో నడిపిస్తున్నారా అన్న సందేహం అందులోంచే పుడుతుంది. కానీ మీరు తీసేదానికి నవ్వు వద్దనుకుంటే ఒక మార్గం ఉంది. కెమెరా షట్టరును సెకనులో నాలుగో వంతు దాకా తెరిచి ఉంచండి. ఆ పావు సెకనులో నడిచే మనిషి ముప్పై సెంటీమీటర్లు కదులుతాడు గనుక ఫొటోలో కొంచెం చెరిగినట్టు పడతాడు. ఆ చెరుపులు ఒకదాని మీద ఒకటి కలిసి గెంతుడుకు బదులు ప్రవాహంలా కనిపిస్తుంది. పట్టపగలు ఎండలో ఫోను కెమెరాను అంతసేపు తెరిస్తే బొమ్మ తెల్లగా కాలిపోతుంది. అందుకని వెలుతురును వెయ్యో వంతుకు తగ్గించే బూడిదరంగు అద్దం, మేము ఎన్.డి. ఫిల్టరు అంటాం, కటకం ముందు తగిలించాలి. ఫోనుకు క్లిప్పుతో పెట్టుకునేవి దొరుకుతాయి.

ఇతర సాంకేతిక విషయాలను త్వరగా చెప్పేస్తాను. ఫోకస్, ఎక్స్‌పోజర్ (వెలుతురు మోతాదు), రంగుల సమతౌల్యం మూడింటినీ తాళం వేసినట్టు స్థిరపరచండి. ఆటోలో వదిలేస్తే మబ్బు వచ్చినప్పుడల్లా, తెల్ల వ్యాను అడ్డం వచ్చినప్పుడల్లా బొమ్మ వెలిగి ఆరుతుంటుంది. మన దగ్గర కరెంటు 50 హెర్ట్జ్, దీపాలు సెకనుకు వందసార్లు హెచ్చుతగ్గులవుతాయి కనుక రాత్రి దుకాణాల వెలుగులో షట్టరు సెకనులో వందో వంతు గానీ, యాభయ్యో వంతు గానీ, అంతకన్నా నిదానంగా గానీ ఉండాలి. 3,240 ఫొటోలకు ఒక్కొక్కటి నాలుగు మెగాబైట్లు అనుకున్నా దాదాపు పదమూడు గిగాబైట్లు కావాలి, ముందే ఖాళీ చేసుకోండి. ఏప్రిల్, మే నెలల్లో మన ఎండకు ఫోను వేడెక్కి మధ్యలో ఆగిపోతుంది. నాకు ఒకసారి సరిగ్గా అలాగే జరిగి మూడు గంటల పని పోయింది. ఆ తరువాత ఫోను మీద తెల్లటి తడిగుడ్డ నీడగా కట్టడం అలవాటు చేసుకున్నాను, గుడ్డ ఫోనుకు తగలకూడదు.

ఏ నియమంతో తీయాలన్నది దీనికన్నా కష్టమైన విషయం. కథ లేని చిత్రానికి ఒక నియమమైనా ఉండాలి, లేకపోతే అది అందమైన ముక్కల పోగు అవుతుంది. 1929లో వచ్చిన సోవియట్ దర్శకుడు జిగా వెర్తోవ్ చిత్రం ‘మ్యాన్ విత్ ఎ మూవీ కెమెరా’ ఒక నగరంలో ఒక రోజులా సాగుతుంది, కానీ దాన్ని మాస్కో, కీవ్, ఒడెస్సాలలో తీసి ఒకటిగా కూర్చారు. అదే ఏడాది యోరిస్ ఇవెన్స్, మానుస్ ఫ్రాంకెన్ ఆమ్‌స్టర్‌డామ్‌లో తీసిన ‘రెయిన్’లో ఒకే వాన మొదలై, కురిసి, వెలిసినట్టు ఉంటుంది. నిజానికి అవి నెలల తరబడి పడిన ఎన్నో వానలు. ఒక రోజు, ఒక వాన. ఆ నియమాలు అంత చిన్నవి. అంత చిన్నవి కాబట్టే వాటి కింద నగరమంతా ఇమిడింది.

మనకు ఈ విషయంలో ఒక అనుకూలత ఉంది. వరంగల్, హనుమకొండ, కాజీపేట అనే మూడు ఊళ్లు కలిసిన నగరం మనది. ఒక్కొక్కదాని కాలం ఒక్కొక్క తీరుగా నడుస్తుంది. కాజీపేట జంక్షన్‌కు రైలు వేళలే గడియారం. హనుమకొండ చౌరస్తా ఆఫీసుల వేళకు, కాలేజీల వేళకు నిండుతుంది, ఖాళీ అవుతుంది. వరంగల్ వైపు బజారు బేరాలను బట్టి మెలకువగా ఉంటుంది. మూడు చోట్ల ఒకే వేళకు, ఒకే విరామంతో తీసి పక్కపక్కన పెడితే చాలు, వ్యాఖ్యానం అక్కరలేదు. మన ప్రాంతపు పల్లె జీవితం మీద బి.నర్సింగరావు గారి డాక్యుమెంటరీ ‘మా ఊరు’ వంటి శ్రద్ధగల పని జరిగింది. మన పట్టణాల మీద అంతటి శ్రద్ధతో ఇంకా చాలా పని జరగవలసి ఉంది. మీలాంటివారు ఇలాంటి ప్రశ్న అడిగితే నాకు ఇంత సంతోషం కలగడానికి కారణం అదే.

నా మూడో చిత్రం వరంగల్‌లోని ఎనుమాముల వ్యవసాయ మార్కెట్ మీద. మిర్చి సీజనులో, ఫిబ్రవరి నెలలో తీశాను. నియమం ఒక్కటే పెట్టుకున్నాను: కెమెరా ఒక రాశి దగ్గర నుంచి కదలకూడదు. బస్తాలు దిగడం, రాశి పోయడం, ఖరీదుదారులు వచ్చి గుప్పెడు తీసి విరిచి చూడటం, జెండా పాట (ధర కోసం వేలం), కాంటా, మళ్లీ బస్తాలకు ఎత్తడం, నేల ఖాళీ కావడం. హమాలీల నడకలోని లయ పోకూడదని అక్కడ సెకనుకొక ఫొటో తీశాను. వాళ్ల నలభై నిమిషాల పని 2,400 ఫొటోలై తెర మీద వంద సెకన్లు వచ్చింది. మొత్తం రోజులో రైతు తన రాశి పక్కన కూర్చున్న కాలమే అన్నిటికన్నా ఎక్కువ. ఆ కాలాన్ని కుదించడానికి నాకు మనసొప్పలేదు. అందుకని ధర ఖరారు కావడానికి ముందు ఒక్క నిమిషం మామూలు వేగంతో, ఏమీ కుదించకుండా ఉంచాను. చూసినవాళ్లలో కొందరికి ఆ నిమిషం విసుగనిపించింది. దాన్ని తీసేయమని సలహా ఇచ్చారు, నేను తీయలేదు. కుదించిన కాలం మధ్య కుదించని ఒక్క నిమిషం పెడితేనే ఎంత వదిలేశామో చూసేవాడి ఒంటికి తెలుస్తుంది. ఒక జాగ్రత్త కూడా చెప్పాలి. మిర్చి ఘాటుకు దగ్గు ఆగదు, స్టాండు మీద చెయ్యి వేసి దగ్గితే ఫ్రేము కదిలిపోతుంది. ముక్కుకు తువ్వాల కట్టుకుని నాలుగడుగుల దూరంలో నిలబడండి.

అనుమతుల విషయంలో అశ్రద్ధ చేయకండి. రైల్వే స్టేషన్లలో స్టాండు వేసి తీయాలంటే రైల్వే వారి అనుమతి ఉండాలి. వేయిస్తంభాల గుడి, ఖిలా వరంగల్ కేంద్ర పురావస్తు శాఖ పరిధిలో ఉన్నాయి, అక్కడ కూడా స్టాండు పెట్టాలంటే ముందుగా అనుమతి తీసుకోవాలి. మార్కెట్‌లో కార్యాలయం వారిని అడిగి, ఆ తరువాత ఆ రాశి గల రైతును విడిగా అడగాలి. వీధిలో దూరం నుంచి తీసే గుంపును అడగలేం. కానీ ఇంతసేపూ చెప్పినట్టు, ఈ పద్ధతిలో ముఖాలతో సహా మిగిలేది ఎక్కువసేపు కూర్చునే బీదవాళ్లే. వాళ్లకు చూపించి, సమ్మతి తీసుకోవలసిన బాధ్యత మనది. అడ్డా చిత్రాన్ని ఎవరికీ చూపించకముందే ఫోనులో వేసుకుని అక్కడికి తీసుకుపోయాను. ఆ ఏడుగురిలో ఐదుగురు దొరికారు. స్తంభానికి ఆనుకున్నాయన రెండుసార్లు చూసి, "గంతసేపు నిలవడ్డనా నేను?" అని అడిగారు. ఉంచమనే అన్నారు. దొరకని ఇద్దరి ముఖాలు తెలియకుండా ఆ భాగాన్ని చీకటి చేశాను.

శబ్దం గురించి మీరు అడగలేదు గానీ, ఆలోచించకుండా పాట పెట్టేస్తారేమోనని చెబుతున్నాను. బొమ్మను వేగపరచినట్టు శబ్దాన్ని వేగపరిస్తే కీచుమంటుంది. సంగీతం పెడితే జనం అంతా దాని తాళానికి నడుస్తున్నట్టు అయిపోతుంది, అప్పుడు అది మళ్లీ వేడుక వీడియోలా తయారవుతుంది. నేను అదే చోట రికార్డు చేసిన శబ్దాన్ని మామూలు వేగంలో, తక్కువ స్థాయిలో పెడతాను. రెండు నిమిషాల బొమ్మలో నాలుగున్నర గంటలు గడిచిపోతుంటే, కింద ఒకే ఒక ఆటో స్టార్టు కాక ఇబ్బంది పడుతున్న చప్పుడు నిదానంగా వినబడుతుంటుంది. ఆ రెండు కాలాలూ కలవకపోవడం నాకు నచ్చుతుంది. పూర్తి నిశ్శబ్దం కూడా మంచిదే.

మొదటి ప్రయత్నంగా పెద్ద పథకం వేసుకోకండి. ఈ ఆదివారం సాయంత్రం మీ ఇంటి దగ్గరి ఏదైనా బస్సు స్టాపుకు ఎదురుగా, తెలిసినవాళ్ల మేడ మీద, ఒక గంట, నాలుగు సెకన్లకు ఒక ఫొటో తీయండి. 900 ఫొటోలు, ముప్పై ఏడున్నర సెకన్లు వస్తుంది. దాన్ని పదిసార్లు చూసి, చివరిదాకా ఎవరు మిగిలారో ఇక్కడే రాయండి. తరువాత ఏ విరామంతో, ఎక్కడ తీయాలో అప్పుడు మాట్లాడుకుందాం.